పెరుగుచున్న వేడిమి – డెంగీ జ్వరము – యువజనుల సేవ

శీతోష్ణస్థితి మార్పు అనగానే దూరదేశములందు కరగుచున్న మంచుకొండలు మనకు స్ఫురించును. కోల్‌కతా నగరమున దాని ఫలితము మేడమీది పూలకుండీ పళ్ళెములోనే కానవచ్చును.

1950 నుండి 2018 వరకు ఆ నగరపు ఉష్ణోగ్రత సుమారు 2.6 డిగ్రీలు హెచ్చినదని 2021లో వెలువడిన అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక తెలుపుచున్నది. ఇందు భూగోళపు వేడిమితోపాటు కిక్కిరిసిన కట్టడములకును పాలు గలదు. 2024 ఏప్రిల్ 30వ తేదీన అచట 43 డిగ్రీల ఎండ కాసినది. ఎండదెబ్బ ఎల్లరెరిగిన బాధయే. వేడిమికిని డెంగీ జ్వరమునకును గల సంబంధము అంతగా తెలిసినది కాదు.

డెంగీ రోగిని కుట్టిన ఈడిస్ దోమ వెంటనే మరియొకరికి రోగము నంటింపజాలదు. వైరసు దాని దేహమున వృద్ధిచెంది లాలాజలమును చేరవలెను. ఇందుకు 25 డిగ్రీల వేడిమిలో సుమారు రెండు వారములు, 30 డిగ్రీలలో సుమారు ఒక వారము పట్టును. దోమ ఆయువు కొలది వారములే. గడువు తగ్గినకొలది, రోగము నంటించువరకు బ్రదికియుండు దోమలు ఎక్కువగును. (మితిమీరిన ఎండ దోమకును గిట్టదు, వాన వెలిసిన వెచ్చని దినములే దానికి పండుగ.)

ఆ నగరమునకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. 1963లో నాటి కలకత్తాలో రక్తస్రావముతో కూడిన డెంగీ చెలరేగి పలువురిని బలిగొన్నది. యువజనుల సేవయు అచట పాతదే. 1899లో ప్లేగు వ్యాపించినపుడు రామకృష్ణ మిషన్ పక్షమున సోదరి నివేదిత బాగ్‌బజారు వీధులను శుభ్రపరచుటకు పూనుకొనగా, ఆమె పిలుపు నందుకొని విద్యార్థులు ముందుకు వచ్చిరి. ఆనాడు వీధిలో చీపురు చేసిన పనిని నేడు పెరటిలో బకెట్టును బోర్లించుట చేయును.

గుడ్డు దోమగా మారుటకు వెచ్చని దినములలో వారము నుండి పది దినములు పట్టును. కావున వారమున కొకమారు నిలువనీటిని పారబోసినచో పిల్లపురుగు దోమ కాజాలదు. కళాశాలలందు 1969 నుండి నడచుచున్న జాతీయ సేవా పథకపు విద్యార్థులు గాని, వీధిలోని యువతీయువకులు గాని ఒక వారమును నిర్ణయించుకొని, ఇద్దరిద్దరుగా, ఇంటి పెద్దల అనుమతితో ఈ పని చేయవచ్చును. కూలర్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, మూతలేని తొట్లు, టీ అంగళ్ళ చెంత పారవేసిన మట్టి ముంతలు చూడదగినవి. తొట్టి నీటిని ఒంపి ఊరకుండరాదు. అంచునకు అంటిన గుడ్లు నెలల తరబడి ఎండియుండియు, నీరు తగిలిన మరల పొదుగును. కనుక అంచులను గట్టిగా తోమవలెను. తాళము వేసిన ఇండ్లను, కట్టుచున్న మేడలను గూర్చి వార్డు కార్యాలయమునకు తెలుపవలెను. పొగ ఎగురు దోమలను మాత్రమే చంపును. నీటిలోని పురుగులను తాకదు.

ఈ పనివలన ఎండ తగ్గదు. ఎండ తెచ్చు రోగము తగ్గును. మొదటినాటి ఊరేగింపునకు వచ్చినవారిలో పదవవారమున బకెట్టు పట్టువారెందరో, అదియే లెక్కింపదగినది.

ఏ ఇంటనైన జ్వరపీడితు లున్నచో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు వాడవలదని చెప్పవలెను. వైద్యుడు చెప్పిన మోతాదులో పారసిటమాల్ చాలును. జ్వరము దిగిన పిదప కడుపునొప్పి, పలుమారులు వాంతి, చిగుళ్ళనుండి రక్తము, మగత కనిపించినచో తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.