బాడుగ సైకిలు బలరాం

అక్కలారా, ఫుట్‌బాల్ ఆట చూసి ఉంటారు. జట్టుకు 11 మంది. బంతిని కాలితో తన్నాలి. ముందు వరసలో ఉండి గోలు కొట్టేవాణ్ణి ఫార్వర్డ్ అంటారు. ఇప్పుడు మన అనంతపురంలో ఆర్‌డీటీ మైదానంలో ఆడపిల్లలు కూడా ఈ ఆట ఆడుతున్నారు. వాళ్లు పుట్టకముందే మన తెలుగు నేల మీద ఒక గొప్ప ఫార్వర్డ్ ఉండేవాడు. పేరు తులసీదాస్ బలరాం.

బలరాం 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. తమిళం మాట్లాడే బీద కుటుంబం. కొడుకు సర్కారు ఆఫీసులో గుమాస్తా కావాలని తల్లి ముత్తమ్మ ఆశ. ఆటలంటే ఆమెకు గిట్టేది కాదు. ఆమెను ఏమనగలం? ఇల్లు గడవాలి కదా!

బూట్లు కొనడానికి డబ్బు లేదు. చినిగిన పోలీసు బూట్లను చెప్పులు కుట్టే ఆయన దగ్గర బాగు చేయించుకుని ఆడాడు.

అతని ఆట రహీం గారి కంట్లో పడింది. రహీం గారు మొదట బడిపంతులు (నాకు అదే సంతోషం!), తర్వాత భారత జట్టుకు శిక్షకుడు. హైదరాబాదుకు వచ్చి నేర్చుకోమన్నారు. రానుపోను ఖర్చులకు బలరాం దగ్గర డబ్బు లేదు. సైకిలు బాడుగకు రహీం గారే డబ్బు ఇచ్చారు.

ఆ పిల్లాడే 1956లో ఆస్ట్రేలియాలో ఒలింపిక్సు ఆడాడు. మన జట్టుకు నాలుగో స్థానం వచ్చింది. 1960లో ఒలింపిక్సు ఇటలీ దేశంలో జరిగాయి. అక్కడ గట్టి జట్టయిన హంగరీ మీద బలరాం గోలు కొట్టాడు. పెరూ మీద ఇంకొకటి. రెండు ఆటలూ ఓడిపోయాం. కానీ 1962లో జకార్తాలో మన జట్టు ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. ఆ ఏడే బలరాంకు అర్జున అవార్డు ఇచ్చారు.

కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టుకు కూడా ఆడేవాడు. 1961 లీగులో 23 గోలు కొట్టాడు.

1963లో ప్లూరసీ అనే జబ్బు చేసింది. ఊపిరితిత్తుల చుట్టూ పల్చని పొర ఉంటుంది. దానికి వాపు వస్తే గాలి పీల్చినా నొప్పే. ఇక పరుగెత్తేదెట్లా? 27 ఏళ్లకే ఆట మానేశాడు. అదే ఏడు రహీం గారు క్యాన్సరుతో చనిపోయారు.

బలరాం గారు తర్వాత చాలా ఏళ్లు బెంగాల్‌లోనే, గంగ ఒడ్డున ఉత్తరపాడాలో బతికారు. పెళ్లి చేసుకోలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. అప్పటికి 86 ఏళ్లు.