అద్దె ఫ్లాటే... హాలు మాత్రం మనది!

ఉద్యోగం వచ్చింది. హాస్టల్‌కి, పీజీకి టాటా చెప్పేశారు. ఫ్రెండ్‌తో కలిసో, కొత్తగా పెళ్లయి ఇద్దరూ కలిసో ఓ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. అడ్వాన్సు, బ్రోకర్ కమీషన్, గ్యాస్ కనెక్షన్, ఫ్రిజ్... ఇవన్నీ అయ్యేసరికి అకౌంట్‌లో మిగిలింది అంతంతమాత్రం. తీరా చూస్తే హాలు బోసిగా ఉంది. గోడవారగా ఓ పరుపు, మూలన విప్పని అట్టపెట్టెలు, పైన ట్యూబ్‌లైటు. ఇన్‌స్టా తెరిస్తే అందరి హాళ్లూ సినిమా సెట్టింగుల్లా కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: 'నెలకు మూడు వేలు చాలు, సోఫా మీ ఇంటికి!'

ఒక్క నిమిషం ఆగండి. మొదటి హాలు విషయంలో డబ్బు ఎక్కడ పెట్టాలన్న దానికంటే ఎక్కడ పెట్టకూడదన్నదే పెద్ద ప్రశ్న. దానికో సింపుల్ రూల్ ఉంది. ఇల్లు మారేటప్పుడు మనతో వచ్చేదానికే ఖర్చు పెట్టాలి. గోడకు అతికేది, నేలకు అతికేది, ఆ హాలు కొలతకి మాత్రమే సరిపోయేది... ఇవన్నీ చివరికి ఓనర్‌కి మనమిచ్చే గిఫ్టులే.

ముందు అగ్రిమెంట్ చదవండి

మన దగ్గర అద్దె అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే రాస్తారు. అందులో మేకులు, డ్రిల్లింగ్, పెయింటింగ్ గురించి ఏం రాశారో చూసుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకుంటామని చాలామంది ఓనర్లు ముందే రాయించుకుంటారు. అలా రాసి ఉంటే, గోడకు మన సొంత డబ్బుతో రంగు వేయించడం, వాల్‌పేపర్ అంటించడం రెండుసార్లు ఖర్చు పెట్టినట్టే.

సామాన్లు దించకముందే ఇంకో పని. ఖాళీ హాలుని మూలమూలనా వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. పాత మేకు కన్నాలు, చెమ్మ మరకలు, పగిలిన టైల్స్ అన్నీ అందులో కనిపించాలి. తేదీతో సహా రికార్డు ఉంటుంది. రేపు అడ్వాన్సు తిరిగి తీసుకునేటప్పుడు 'ఈ కన్నం మీరే పెట్టారు' అన్న గొడవ ఉండదు.

పదిహేను వేల లెక్క

హాలుకి 15,000 రూపాయలు పెట్టగలం అనుకుందాం. పంచుకునే తీరు ఇలా ఉండొచ్చు:

- కూర్చునే ఏర్పాటు: 6,500
- కర్టెన్లు: 2,000
- లైట్లు: 1,500
- నేల మీద పరిచేది: 1,500
- గోడలు, మొక్కలు: 1,500
- ఇప్పుడు ముట్టుకోనిది: 2,000

ఊరిని బట్టి, బేరాన్ని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. ఆఖరి రెండు వేలు మాత్రం కదపొద్దు. ఎందుకో చివర్లో చెప్పుకుందాం.

మొదట లైటు మార్చండి

ఉద్యోగం చేసేవాళ్లు హాలుని ఎక్కువగా చూసేది రాత్రిపూటే. కాబట్టి తక్కువ ఖర్చులో ఎక్కువ మార్పు తెచ్చేది లైటే. బల్బు డబ్బా మీద వాట్స్‌తో పాటు కెల్విన్ అనే అంకె కూడా ఉంటుంది. 6500 అని ఉంటే తెల్లటి వెలుగు. మెడికల్ షాపులో కనిపిస్తుందే, అది. 2700 నుంచి 3000 మధ్య ఉంటే పసుపు ఛాయ వెలుగు. 'వార్మ్ వైట్' అని రాసి ఉంటుంది. సాయంత్రం కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఇదే హాయి.

అలాగని ట్యూబ్‌లైటు పీకేయక్కర్లేదు. ఇల్లు తుడవడానికి, చదువుకోవడానికి అదే కావాలి. దానికి తోడుగా ఎదురెదురు మూలల్లో రెండు ల్యాంపులు పెట్టండి. ఒకటి నేల మీద నిలబడేది, ఇంకోటి చిన్న స్టూలు మీద పెట్టేది. రాత్రి ఎనిమిది దాటాక అవి మాత్రమే వేయండి. పెచ్చులూడిన గోడ, అటక మీద సర్దిన సూట్‌కేసులు చీకట్లోకి వెళ్లిపోతాయి. హాలు అప్పుడే సగం సర్దుకున్నట్టు కనిపిస్తుంది.

కొనేముందు హోల్డర్ చూసుకోండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది రెండు పిన్నులతో తిప్పి బిగించే రకం, బి22. కొన్ని ల్యాంపులకు మరలా తిప్పే ఈ27 ఉంటుంది. ఒకదాని బల్బు ఇంకోదానికి పట్టదు. కరెంటు బిల్లు భయం అక్కర్లేదు. 9 వాట్ల ఎల్‌ఈడీ రోజుకు ఐదు గంటల చొప్పున నెలంతా వెలిగినా 1.35 యూనిట్లే. ల్యాంప్‌షేడ్ ఖరీదనిపిస్తే సందులున్న వెదురు బుట్ట బోర్లిస్తే సరి. గోడ మీద పడే నీడలు కూడా బావుంటాయి. కాకపోతే లోపల పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టొద్దు. వేడెక్కి బుట్ట అంటుకునే ప్రమాదం ఉంది.

సోఫా లేకపోతే ఏం?

మూడు సీట్ల సోఫా ఆరు నుంచి ఏడడుగుల పొడవుంటుంది. మన హాల్లో అది పడుతుందో లేదో తెలియాలంటే చాక్‌పీసుతోనో ముగ్గుపిండితోనో నేల మీద అదే కొలతలో గీత గీయండి. రెండు రోజులు ఆ గీత తొక్కకుండా తిరిగి చూడండి. బాల్కనీ తలుపు తెరుచుకుంటోందా? వంటగదిలోకి వెళ్లే దారి మిగిలిందా? లిఫ్టు తలుపు వెడల్పు కూడా కొలవండి. నాలుగో అంతస్తుకి మెట్ల మీదుగా మోయించాలంటే కూలీ డబ్బులే తడిసి మోపెడవుతాయి.

తక్కువ బడ్జెట్‌లో సోఫాకి మంచి బదులు దివాన్. పాత సింగిల్ మంచం ఒకటి 2,500 లోపు వెతకండి. దాని మీద ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న దూది పరుపు ఓ 1,800. మంచి కాటన్ దుప్పటి, గోడ వైపు రెండు బాలీసులు కలిపి ఓ వెయ్యి. పగలు సోఫా, రాత్రి చుట్టాలకి మంచం. ఇల్లు మారితే బెడ్‌రూమ్‌లో వేసుకోవచ్చు.

ఇన్‌స్టాలో నేల మీద పరుపు, కుషన్లు వేసిన హాళ్లు చూడ్డానికి బావుంటాయి. కానీ ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నేల మీద కూర్చుని లేవాలంటే నరకమే. పైకి అనరు కానీ, రెండో రోజే 'ఇక బయల్దేరతాం' అంటారు. అందుకే నేల నుంచి పదహారు, పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న కుర్చీలు రెండైనా ఉండాలి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలైనా ఫర్వాలేదు. 1,200లో రెండు వస్తాయి. మీద చిన్న కుషన్ వేస్తే ప్లాస్టిక్ సంగతి ఎవరూ పట్టించుకోరు.

పాతది కొనేటప్పుడు

హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమేరాత్ బజార్ ఓ చుట్టు చుట్టి రండి. గిన్నెలు, డబ్బాలు, చిన్నచిన్న సామాన్లకు బేగంబజార్, స్విచ్చులు, హోల్డర్లకు ట్రూప్‌బజార్ ఉండనే ఉన్నాయి. అన్నిటికంటే మంచి బేరాలు మాత్రం మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే దొరుకుతాయి. ఊరు మారే టెకీలు వెళ్లిపోయే వారం ముందు సామాన్లన్నీ వచ్చిన ధరకి ఇచ్చేస్తుంటారు. పైగా మోత ఖర్చు లిఫ్టులో దించుకోవడమే! బయట కొంటే బేరం మొదలుపెట్టే ముందే ట్రాలీ ఆటో కిరాయి కనుక్కోండి. రెండు వేల మంచానికి పన్నెండొందల కిరాయి అయితే అది చవక బేరం కాదు.

చూడాల్సినవి మూడు. ఒకటి, చెక్క కాళ్లను తట్టి చూడండి. సన్నటి పొడి రాలినా, చిన్న కన్నాలు కనిపించినా వద్దనేయండి. అది పురుగు పట్టిన చెక్క. రెండు, కుట్ల వెంబడి, మూలల్లో ఫోన్ టార్చి వేసి చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టు అనుమానించాలి. అసలు పాత పరుపులు, గుడ్డ సోఫాలు కొనకపోవడమే మేలు. మంచం, కుర్చీ, టేబుల్, అల్మరా అయితే తుడిచి వాడుకోవచ్చు. మూడు, పార్టికల్ బోర్డుతో చేసినవి నీళ్లు తగిలితే ఉబ్బిపోతాయి. రెండుసార్లు విప్పి బిగిస్తే స్క్రూలు పట్టు వదిలేస్తాయి. ఇల్లు మారుతూ ఉండేవాళ్లకి ఇనుమో, గట్టి చెక్కో నయం.

ఆన్‌లైన్‌లో పాత సామాను చూసినప్పుడు ఇంకో జాగ్రత్త. 'ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంటుగా అమ్మేస్తున్నా, ముందు వెయ్యి పంపితే మీకే ఉంచుతా' అంటే కళ్లు మూసుకుని వదిలేయండి. వస్తువు కళ్లతో చూశాకే డబ్బు. మీరే ఏదైనా అమ్ముతున్నప్పుడు, డబ్బులు పంపిస్తాం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే అది మోసమే. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు.

అమ్మ చీరే కర్టెన్

రెడీమేడ్ కర్టెన్లు మామూలుగా ఐదు, ఏడు, తొమ్మిది అడుగుల పొడవులో దొరుకుతాయి. కిటికీకి ఐదు, తలుపుకి ఏడు. కిటికీ వెడల్పుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు గుడ్డ ఉంటేనే కుచ్చులు పడి నిండుగా ఉంటుంది. సరిగ్గా కిటికీ అంతే తీసుకుంటే దుప్పటి ఆరేసినట్టుంటుంది.

ఇంకా తక్కువలో కావాలా? ఇంట్లో అమ్మ కట్టడం మానేసిన నేత చీర అడగండి. ఐదున్నర మీటర్ల చీర అంటే దాదాపు పద్దెనిమిది అడుగులు. మధ్యకి కత్తిరిస్తే తొమ్మిదేసి అడుగుల ముక్కలు రెండు. పైన రాడ్ దూర్చే మడత, కింద అంచు పోనూ బాల్కనీ తలుపుకి నిండు జత వచ్చేస్తుంది. మంగళగిరి, వెంకటగిరి చీరలైతే పలచటి నేత కాబట్టి ఎండ వడపోసినట్టు లోపలికొస్తుంది. టైలర్ కుట్టుకూలి తప్ప వేరే ఖర్చు లేదు. ముందు అమ్మ పర్మిషన్ మాత్రం తీసుకోండి!

నేల మీద, గోడ మీద

కార్పెట్ జోలికి పోవద్దు. మన దుమ్ముకి దాన్ని శుభ్రం చేయడం పెద్ద పని. జంపఖానా ఉంటే చాలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తేలిగ్గా చుట్టేయొచ్చు, బాల్కనీలో దులపొచ్చు, రెండు వైపులా వాడొచ్చు. అది కూడా ఎక్కువనిపిస్తే పెద్ద తుంగ చాప వేసినా హాలుకి ఓ అందం వస్తుంది.

గోడ నిండా చిన్నచిన్న ఫ్రేములు పెట్టాలంటే అన్ని మేకులు కొట్టాలి. బదులుగా ఒక్కటే పెద్దది పెట్టండి. పెడన కలంకారీ గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. మీటరున్నర తీసుకుని పైనా కిందా సన్నటి కర్ర దూర్చి ఒకే హుక్కుకి వేలాడదీస్తే గోడంతా నిండిపోతుంది. శిల్పారామం, లేపాక్షి, గోల్కొండ షోరూముల్లో చిన్న కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కబొమ్మ, చెరియాల మాస్కు... ఏదో ఒకటి చాలు. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. చాలా తేలిక. ఏ సన్నటి అర మీదైనా నిలబడుతుంది.

డ్రిల్లింగ్ వద్దనుకుని అంటించే హుక్కులు కొంటే ఓ మాట. టైల్స్ మీద, నున్నటి పెయింట్ మీద అవి బాగా పట్టుకుంటాయి. సున్నం, డిస్టెంపర్ గోడల మీద మాత్రం పెయింట్ పొరతో సహా ఊడొస్తాయి. తలుపు చాటున ఒకటి అంటించి వారం చూశాక మిగతావి పెట్టండి.

మొక్కల్లో మనీప్లాంట్‌ని మించింది లేదు. పక్కింటి వాళ్లనడిగి ఓ కొమ్మ తెచ్చి సీసా నీళ్లలో వేస్తే చాలు. వారానికోసారి నీళ్లు మార్చడం మాత్రం మర్చిపోవద్దు. లేదంటే అందులో దోమలు పెరుగుతాయి. పిల్లినో కుక్కనో పెంచుతుంటే అందని ఎత్తులో పెట్టండి. ఆ ఆకులు వాటికి పడవు.

ఆ మూడు వేల ఈఎంఐ సంగతి

సోఫా 36,000. నెలకు మూడు వేలు, 12 నెలలు, 'నో కాస్ట్'. వినడానికి బావుంది. కానీ వడ్డీ లేని అప్పు ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు రూపంలో ఎలా వసూలు చేస్తారో 2013లోనే రిజర్వ్ బ్యాంక్ ఎత్తి చూపింది. చాలాచోట్ల ఒకేసారి కట్టేవాళ్లకి వచ్చే డిస్కౌంట్ మనకి రాదు. క్రెడిట్ కార్డ్ ఈఎంఐ అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఇంకో లెక్క చూడండి. అగ్రిమెంట్ 11 నెలలు, ఈఎంఐ 12 నెలలు. ఇల్లు ఖాళీ చేశాక కూడా ఆ హాలు కోసం కొన్న సోఫాకి ఇంకో వాయిదా మిగిలే ఉంటుంది! ఈలోగా ఉద్యోగం అటూ ఇటూ అయితే, ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, నెలకు ఆ మూడు వేలే పెద్ద బరువు.

వెర్షన్ 1 చాలు

ఏ యాప్ అయినా మొదటిరోజే అన్ని ఫీచర్లతో రాదు. హాలూ అంతే. మొదటి వారం లైట్లు, కుర్చీలు. రెండో వారం దివాన్, కర్టెన్లు. మిగతావి తర్వాతి జీతంలో.

ఇక ఆ ముట్టుకోని రెండు వేలు. మూడు నెలలు ఆ హాల్లో ఉన్నాక కానీ దానికి నిజంగా ఏం కావాలో తెలీదు. గుమ్మం దగ్గర చెప్పులు గుట్టలు పడుతుంటే స్టాండు కావాలి. అందరూ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తింటుంటే చిన్న టేబుల్ కావాలి. పడమటి ఎండ సోఫా మీదే పడుతుంటే ఇంకో కర్టెన్ కావాలి. అవేవీ ఏ రీల్ చూసినా తెలియవు. అప్పుడు తీయండి ఆ రెండు వేలు.