బండి ఒక పక్కకి లాగుతోందా? అలైన్‌మెంట్ కంటే ముందు చూడాల్సినవి

మడకశిరలో ఉమ్రాకో, గల్ఫ్‌కో వెళ్లేవాళ్లని బెంగళూరు ఎయిర్‌పోర్టులో దింపడానికి కారు తీశారంటే అది మామూలు ప్రయాణం కాదు. ఐదుగురి బండిలో ఏడుగురు, డిక్కీ నిండా సూట్‌కేసులు. ఊళ్ల మధ్య స్పీడ్ బ్రేకర్లు, అక్కడక్కడ గుంతలు. ఫ్లైట్ టైం దగ్గర పడేకొద్దీ హైవే మీద పరుగు. మనుషుల్ని తీసుకురావడానికి మళ్లీ వెళ్తే సూట్‌కేసులకు తోడు జమ్‌జమ్ డబ్బాలు, ఖర్జూరం పెట్టెలు.

మర్నాడు పొద్దున పిల్లల్ని స్కూలుకి దింపుదామని బండి తీస్తే స్టీరింగ్ తిన్నగా లేదు. చేయి కాస్త వదులు చేస్తే బండి ఎడమకి పోతోంది. ఇంట్లో పెద్దాయన ‘గాడీ ఖీంచ్ రహీ హై’ అంటారు. డ్రైవరు ‘అలైన్‌మెంట్ పోయిందన్నా’ అంటాడు. అంతే, బండి హిందూపురంలోని కంప్యూటర్ అలైన్‌మెంట్ షాపుకి వెళ్తుంది. డబ్బులు కట్టి, పచ్చ గీతలున్న కాగితం తీసుకుని వస్తారు. వారం తిరక్కముందే మళ్లీ అదే లాగుడు.

తప్పు ఎక్కువసార్లు మిషన్‌ది కాదు, వరసది. అలైన్‌మెంట్ అంటే కొలత. కొలవాల్సిన వస్తువే వదులుగా ఉంటే, వంగి ఉంటే, గాలి లేకుండా ఉంటే ఆ కొలతకు విలువ లేదు.

ముందు గాలి, తర్వాతే మిగతావి

ఈ ప్రాంతంలో బండి ఒక పక్కకి లాగడానికి అతి చవకైన కారణం కంపచెట్టు ముల్లు. పెళ్లింటి ముందు జాగా లేక రోడ్డు దిగి చేను గట్టున బండి పెడతారు. ముల్లు టైరులో దిగి విరిగిపోతుంది. ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి ఒకేసారి దిగదు, రోజుకు కొంచెం కొంచెం గాలి పోతుంది. గాలి తక్కువైన పక్క టైరు బరువుగా తిరుగుతుంది, బండి ఆ పక్కకే మొగ్గుతుంది. కంటికి చూస్తే నాలుగు టైర్లూ ఒకేలా కనబడతాయి. గేజి పెడితేనే తెలుస్తుంది.

గాలి చూడాల్సింది బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. టైరు వేడి సుమారు 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. ఏప్రిల్ ఎండలో హైవే దిగి అప్పటికప్పుడు చూస్తే తక్కువ గాలి కూడా సరిపోయినట్టే కనబడుతుంది. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. నిండుగా మనుషులుంటే వెనక టైర్లకు ఎంత పెంచాలో చాలా బండ్లలో అక్కడే రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు అలవాటుగా కొట్టే 35 ప్రతి బండికీ సరిపోదు.

గాలి సరిచేశాక సమంగా ఉన్న, ఖాళీ రోడ్డు మీద 40, 50 స్పీడులో నడిపి చూడాలి. స్టీరింగ్ పూర్తిగా వదిలేయకూడదు, వేళ్లతో తేలిగ్గా పట్టుకోవాలి. అదే రోడ్డు మీద వెనక్కి కూడా రావాలి. వాన నీళ్లు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తు చేసి అంచులకి వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఏ బండి అయినా కాస్త ఎడమకి జారుతుంది. అది జబ్బు కాదు. ఎటు నడిపినా, రోడ్డు ఎలా ఉన్నా ఒకే పక్కకి గట్టిగా లాగితేనే బండిలో దోషం.

బ్రేకు తొక్కినప్పుడే లాగుతుంటే అది బ్రేకుల వైపు చూపిస్తుంది. కాసేపు నడిపి ఆపాక ఒక్కో చక్రం దగ్గర అరచేతి వెనక భాగం పెట్టండి, ముట్టుకోవద్దు, కాలుతుంది. మిగతా వాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే ఆ చక్రానికి బ్రేకు పట్టుకుని ఉంది.

ఇంకో చిన్న పరీక్ష పంక్చర్ షాపులోనే అయిపోతుంది. ముందు టైర్లు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి చూడటం. లాగుడు కూడా పక్క మారితే దోషం టైరుదే. (టైరు మీద తిరిగే దిక్కు బాణం గుర్తు ఉంటే ఈ మార్పిడి చేయకూడదు.)

80, 90 స్పీడులో స్టీరింగ్ వణకడం మాత్రం వేరే సంగతి. అలైన్‌మెంట్ వల్ల వణుకు రావడం అరుదు. అది బ్యాలెన్సింగ్, లేదా గుంతలో పడి వంగిన రిమ్ము. వాన పడ్డాక ఎర్రమట్టి దారిలో వచ్చి ఉంటే రిమ్ము లోపల అంటుకుని ఎండిన మట్టి పెళ్లలు కూడా బ్యాలెన్స్ చెడగొడతాయి. షాపుకి పోయే ముందు ఒకసారి లోపలి వైపు నీళ్లు కొట్టి కడిగితే డబ్బులు మిగలొచ్చు.

చెప్పులు చెప్పే సాక్ష్యం

మసీదు గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూస్తే ఎవరు ఎలా నడుస్తారో చెప్పొచ్చు. ఒకరివి మడమ బయటి పక్క అరుగుతాయి, ఒకరివి లోపలి పక్క. టైర్లూ అంతే.

పాదాలు లోపలికో బయటికో తిప్పి నడిచినట్టు చక్రాలు తిరిగి ఉండటాన్ని ‘టో’ అంటారు. పై నుంచి చూస్తే తెలిసేది ఇది. ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిటారుగా కాకుండా ఒరిగి ఉండటం ‘క్యాంబర్’. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కదా, కారులో ఆ వాలు పేరు ‘క్యాస్టర్’. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడానికి ముఖ్యంగా సాయపడేది అదే.

చాలామంది తికమకపడేది ఇక్కడే. ముందు చక్రాల టో తేడా బండిని పెద్దగా ఒక పక్కకి లాగదు. స్టీరింగ్‌ని వంకర చేస్తుంది, చప్పుడు లేకుండా టైర్లని తినేస్తుంది. నిజమైన లాగుడు వస్తే గాలి, టైరు, బ్రేకు చూశాక క్యాంబర్, క్యాస్టర్‌లను అనుమానించాలి.

టో ఎంత తింటుందో చిన్న లెక్క. ముందు చక్రాల మధ్య దూరాన్ని టైర్ల ముందు అంచుల దగ్గర, వెనక అంచుల దగ్గర కొలిస్తే ఉండాల్సిన దానికంటే 3 మిల్లీమీటర్లు తేడా వచ్చిందనుకుందాం. చిన్న కారు టైరు ఎత్తు సుమారు 600 మిల్లీమీటర్లు. ఒక్కో చక్రానికి ఒకటిన్నర మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకీ ఒక్కో టైరు రెండున్నర మీటర్లు పక్కకి రాసుకుంటూ పోతున్నట్టు లెక్క. రానూపోనూ 200 కిలోమీటర్ల ప్రయాణంలో అర కిలోమీటరు! టైరు మీద అడ్డంగా అరచేయి రాస్తే ఒక దిక్కున నున్నగా, తిరుగు దిక్కున రంపం పళ్లలా తగిలితే అది టో పనే.

ఒకే అంచు నున్నగా అరిగితే ఎక్కువగా క్యాంబర్. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు పడితే షాకప్‌లు అయిపోయి ఉంటాయి.

అసలు ప్రమాదం లోపలి అంచుతోనే. నిలబడి చూస్తే టైరు బయటి సగం కొత్తదానిలా ఉంటుంది. లోపలి అంచు వైరు తేలేదాకా అరిగినా ఇంట్లో ఎవరికీ తెలియదు. బండి ఆపి స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే ముందు చక్రం లోపలి ముఖం బయటికి వస్తుంది. రెండు పక్కలా అలా తిప్పి, ఫోన్ లైటు వేసి చూడాలి. టైరు గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గాడి వాటి మట్టానికి అరిగితే టైరు మార్చాల్సిందే.

వదులు ఉంటే కొలత నిలవదు

గుంతలో గట్టిగా పడిన బండికి మెకానిక్ దగ్గర ముందు చూడాల్సింది వదులు. చక్రం గాల్లోకి లేపి (స్టాండు పెట్టాలి, ఒక్క జాకీని నమ్మి కింద దూరకూడదు) రెండు పక్కలా పట్టుకుని ఊపితే టిక్కుమంటే టై రాడ్ ఎండ్. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే బాల్ జాయింట్, లేదంటే బేరింగ్. స్పీడ్ బ్రేకర్ మీద ‘టక్‌టక్’ చప్పుడు, బ్రేకు తొక్కగానే బండి పక్కకి జరగడం కనబడితే లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడాలి. ఇవి మార్చకుండా అలైన్‌మెంట్ చేయిస్తే ర్యాంపు మీద సరిగ్గా ఉన్న చక్రం మొదటి గుంతలోనే మళ్లీ మాట మారుస్తుంది. మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఆ వరస తిరగబడితే డబ్బు రెండుసార్లు పోతుంది.

మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లు చాలావాటిలో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక ఒకే అడ్డ దూలం. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940లలో రూపొందించిన పద్ధతి ఇది. చవక, జాగా తక్కువ పడుతుంది. చిక్కేమిటంటే ఇలాంటి చాలా కార్లలో ముందు చక్రాల టో ఒక్కటే తిప్పి సరిచేయగలిగింది. క్యాంబర్‌కు, వెనక చక్రాలకు తిప్పే బోల్టు ఉండదు. వాటి అంకె తప్పిందంటే ఏదో వంగిందని అర్థం. ‘సెట్ చేశాం భాయ్’ అంటే ఏం సెట్ చేశారో అడగాలి.

అందుకే ప్రింటు రెండుసార్లు కావాలి, సరిచేయక ముందుది, చేశాక వచ్చినది. క్యాంబర్ ఎడమకీ కుడికీ మధ్య అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే స్ట్రట్టో, లోయర్ ఆర్మో వంగిందేమో చూడమనాలి. వెనక చక్రాల అంకెలు వదిలేసి ముందువి మాత్రమే చూపిస్తే సగం పరీక్షే. రివర్స్‌లో కల్వర్టు రాయికి కొట్టి వెనక దూలం పక్కకి జరిగితే బండి ఎండ్రకాయలా కాస్త అడ్డంగా పోతుంది, తిన్నగా పోవాలంటే స్టీరింగ్ ఒక పక్కకి తిప్పి పట్టుకోవాలి. ముందు ఎంత తిప్పినా దానికి మందు కాదు. బెంగళూరు నుంచి సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఈ కాగితం పాలిష్ కంటే ఎక్కువ నిజం చెబుతుంది. బయానా ఇవ్వకముందే తీయించుకోవడం మంచిది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కియా అయినా మరేదైనా, కొత్త తరం బండ్లలో స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసే సెన్సర్ ఉంటుంది. అలైన్‌మెంట్ తర్వాత మీటర్‌లో లైటు వెలిగితే దాన్ని స్కానరుతో జీరో చేయించాలి. లైన్ తప్పితే హెచ్చరించే కెమెరా ఉన్న మోడళ్లలో దాన్నీ అడగాలి.

ఇంట్లోనే ఒక అంచనా కావాలంటే పాత మెకానిక్‌ల పద్ధతి ఉంది. సమమైన నేల మీద రెండు ముందు టైర్ల నడిమి గాడికి వెనక వైపు చాక్‌పీసు గుర్తు పెట్టి, ఇద్దరు టేపు పట్టుకుని ఆ గుర్తుల మధ్య దూరం కొలవాలి. బండిని మెల్లగా తోసి ఆ గుర్తులే ముందు వైపు అదే ఎత్తుకు వచ్చాక మళ్లీ కొలవాలి. చాలా చిన్న కార్లలో ఈ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. ఐదారు వస్తే షాపుకి వెళ్లాల్సిందే.

పెనుకొండ బాబయ్య దర్గా ఉర్సుకో, పావగడలో పెళ్లికో బయల్దేరే ముందురోజు సాయంత్రం లోపలి అంచు మీద వైరు కనబడితే ఆ టైరుతో కదలకూడదు. స్టెప్నీ వేసుకుని టైరు షాపు దాకా పోవాలి. కొన్ని కార్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది, దాని మీద 80 అని రాసి ఉంటే అది గంటకు దాటకూడని స్పీడు. ఏడుగురితో హైవే ఎక్కడానికి అది పనికిరాదు. దానిలో గాలి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. నెలల తరబడి డిక్కీ కింద పడి ఉన్న స్టెప్నీలో సగం గాలి కూడా ఉండకపోవచ్చు.