అనుచరత్వమును అభ్యసింపవలసిన విద్యయే

వంశధారా తీరమునందలి శ్రీముఖలింగము ఒకప్పుడు తూర్పు గాంగరాజులకు రాజధానియైన కళింగనగరమని చరిత్రకారులు పెక్కుమంది యంగీకరించియున్నారు. మధుకేశ్వరాలయ శాసనములు రాజుల బిరుదములను నేటికిని చాటుచున్నవి. ఆ రాళ్లను మలచిన శిల్పులును, మోసిన కూలీలును లేక రాజుల కీర్తి ఎక్కడ నిలుచును? నాయకత్వమును గూర్చి మన సభలలో ఉపన్యాసములకు కొదువ లేదు. అనుచరుడుగా నుండుట యెట్లో చెప్పువారు మాత్రము అరుదు. ఇది మన ప్రజాజీవనమునకు గొప్ప లోపమని మా యభిప్రాయము.

ఈ సీమవాడే యైన గిడుగు రామమూర్తి పంతులుగారి చరిత్ర యిందుకు తగిన పాఠము. ఆయన 1863లో ముఖలింగమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించెను. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ముఖలింగ శాసనములను గురువు లేకయే చదువ నేర్చి, గాంగవంశ చరిత్రమును గూర్చి ఆంగ్లమున వ్యాసములు ప్రకటించెను. అట్టి పండితుడు సవర భాషను నేర్వగోరినప్పు డేమి చేసెను? తెలుగును సవరయు నెఱిగిన యొక సవరను జీతమిచ్చి యింట నుంచుకొని, అతనికి శిష్యుడయ్యెను. నాడు లోకము అధములుగా నెంచినవారి యెదుట పండితుడు విద్యార్థి యగుట సామాన్యము కాదు. ఆ వినయము ఫలించెను. 1931లో సవర వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువడెను. ప్రభుత్వమువారు వేయి రూపాయలు పారితోషిక మీయబూనగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరెను.

వ్యావహారిక భాషోద్యమమునకు ఆయనయే ప్రాణము. అయినను 1919లో రాజమహేంద్రవరమున ఆ భాషా ప్రవర్తక సమాజము వెలసినప్పుడు అధ్యక్షపీఠము నలంకరించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. రామమూర్తిగారు కార్యదర్శిగా నుండిరి. అందువలన ఆయన గౌరవమున కేమి లోపము కలిగినది? వృద్ధనాయకుని పేరు సమాజమునకు బలమైనది. కార్యభారము కార్యదర్శిపై నిలిచినది. ఆయన వాదించిన భాషకు భిన్నమైన గ్రాంథికముననే మేమాయనను కొనియాడుచుండుట చదువరులకు వింతగా తోచవచ్చును. అభిప్రాయభేద ముండియు గుణమును గ్రహించుట సదనుచరుని లక్షణమే కదా!

అనుచరత్వమనగా తలయూచుట యని కొందఱి భ్రమ. గురజాడ అప్పారావుగారు మదరాసు విశ్వవిద్యాలయ సంఘమున సభ్యులై, అధికసంఖ్యాకుల నిర్ణయము తమకు సమ్మతము కానప్పుడు, 1914లో తమ యసమ్మతిని సకారణముగా వ్రాసి యిచ్చిరి. చాటున గొణుగలేదు, సభను విడిచి పోలేదు. ఎదుట చెప్పదగినది ఎదుట చెప్పి, కలిసి చేయదగిన పనిని కలిసి చేయువాడే అనుచరుడు. చాటున నిందించి యెదుట పొగడువాడు నాయకుని గోతిలో త్రోయును.

నేటి మాట చూతము. గొట్టా ఆనకట్టనుండి వచ్చు వంశధార నీరు కాలువలవెంట పొలములకు పాఱుచున్నది. కాలువల నిర్వహణమున రైతులకు భాగమొసగుచు 1997లో శాసనము చేయబడి, నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. అధ్యక్షపదవికి పోటీ పడుట సులభము. తన వంతు ముగియగానే తూము మూసి, క్రింది రైతునకు నీరు విడుచుట కష్టము. ఎగువ రైతు ఆ నియమమును మీఱినచో, ఎంత సమర్థుడైన అధ్యక్షుడును కాలువ చివర వరిని కాపాడజాలడు. అచ్చట ఎండునది ఒక కుటుంబపు సంవత్సర గ్రాసము.

భూస్వాములకును పట్టణవాసులగు విద్యావంతులకును మా మనవి యొక్కటే. దేవాలయ ధర్మకర్తల సంఘమున గాని, సహకార సంఘమున గాని, గ్రంథాలయమున గాని, ఒక యేడు అధ్యక్షులుగా నుండినవారు మఱుసటి యేడు సామాన్య సభ్యులుగా కూర్చుండుడు. లెక్కలు వ్రాయుడు, చందాలు వసూలు చేయుడు, మీకంటె చిన్నవాని యాజ్ఞ సరియైనదైనచో శిరసావహింపుడు. అట్లు చేసినవానికే ఆజ్ఞ యిచ్చునప్పుడు ఎదుటివాని శ్రమ తెలియును.