గుట్ట ఎక్కాలంటే ఎవర్ని అడగాలి? పట్టా భూముల్లో రాక్ క్లైంబింగ్.. ఒక్క మాట మీద వచ్చిన పర్మిషన్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

భువనగిరి కోట గుట్ట అనగానే చాలామందికి మాలావత్ పూర్ణ గుర్తొస్తుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తాడు పట్టుకోవడం నేర్చుకున్నది ఈ ఏకశిల మీదే. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. కోచ్ శేఖర్ బాబు బాచినేపల్లి ఇక్కడే గురుకుల పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చారు. ఆ తర్వాత భువనగిరి అంటే రాక్ క్లైంబింగ్ అన్నంతగా పేరొచ్చింది.

అయితే భువనగిరిలో ఒక సౌకర్యం ఉంది. అది ప్రభుత్వ రక్షణలో ఉన్న కోట. పర్మిషన్ ఎవర్ని అడగాలో తెలుసు, గేటు ఎక్కడుందో తెలుసు. అదే ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరి పొలిమేరల్లో కనిపించే గుట్టలు, గుండ్లకు ఈ లెక్క వర్తించదు. పత్తి చేను మధ్యలో లేచిన బండరాయి ఎవరిది? దాని మీద ఎక్కొచ్చా? ఇవాళ సరే అన్న రైతు రేపు ఆ భూమి అమ్మేస్తే ఏంటి పరిస్థితి?

ముందు ఆ గుట్ట ఎవరిదో తేలాలి

చూడ్డానికి ఒకేలా ఉన్నా రికార్డుల్లో గుట్టలన్నీ ఒకటి కావు. కొన్ని రిజర్వ్ ఫారెస్ట్‌లో ఉంటాయి, అక్కడ అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. కొన్ని ప్రభుత్వ పోరంబోకు. కొన్ని పట్టా సర్వే నంబర్‌లోనే ఉంటాయి. సాగుకు పనికిరాని ఆ విస్తీర్ణాన్ని పహాణీలో పోట్‌ఖరాబ్ కింద చూపిస్తారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతి పోర్టల్‌లో సర్వే నంబర్ కొడితే పట్టాదారు ఎవరో తెలుస్తుంది. గుట్ట హద్దు ఎక్కడి వరకు అన్నది మాత్రం సర్వేయర్ కొలిస్తేనే తేలుతుంది.

అసైన్డ్ భూమి అయితే ఇంకా జాగ్రత్త. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఈ భూముల్ని బదిలీ చేయకూడదని 1977 చట్టం చెబుతోంది. ఆ చట్టం దృష్టిలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. అంటే క్లైంబింగ్ క్లబ్ మంచి మనసుతో ఏడాదికింత అని అగ్రిమెంట్ రాసుకున్నా, చిక్కుల్లో పడేది ఆ పేద రైతే.

రైతుకు గుట్టతో ఏం వస్తుంది?

అసలు కథ ఇక్కడే ఉంది. సూటిగా చెప్పాలంటే, ఏమీ రాదు. రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12 వేల రూపాయలని 2025 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. కానీ సాగు యోగ్యమైన భూములకే. రాళ్లు, గుట్టలు ఉన్న భూముల్ని పక్కన పెట్టింది. సాయం సాగుకు కాబట్టి ఇందులో వింతేం లేదు. కానీ గుట్ట ఉన్న రైతు వైపు నుంచి చూస్తే, అది పంట ఇవ్వదు, సర్కారు సొమ్మూ తేదు.

ఇక మిగిలిన దారులు రెండే. ఒకటి గ్రానైట్ క్వారీ, రెండోది రియల్ ఎస్టేట్. రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం భువనగిరి మీదుగా చౌటుప్పల్ చేరుతుంది, దక్షిణ భాగం అక్కడి నుంచి ఆమనగల్, షాద్‌నగర్ వైపు వెళ్తుంది. అంటే రెండు ఉమ్మడి జిల్లాల్నీ తాకుతోంది. ఈ రోడ్డు చుట్టుపక్కల నిన్నటిదాకా మేకలు మేసిన గుట్ట మీద కూడా ఇప్పుడు కొనేవాళ్ల కన్ను పడుతోంది. కోట్ల ఏళ్ల నాటి రాయిని డైనమైట్ పెట్టి పేల్చడానికి మాత్రం కొన్ని వారాలు చాలు.

హైదరాబాద్‌లో 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ ఏళ్ల తరబడి పోరాడి కొన్ని శిలల్ని వారసత్వ జాబితాలో చేర్పించగలిగింది. నగరంలోనే అంత కష్టమైతే, పల్లెలో పట్టా భూమిలోని రాయికి అడిగే నాథుడెవరు?

'సరే ఎక్కండి బాబూ' అంటే చట్టం ఏమంటుంది?

రైతు నోటిమాటగా ఒప్పుకుంటే చట్టం దాన్ని లైసెన్స్ అంటుంది. 1882 ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 52లో దీని నిర్వచనం ఉంది. దీంతో భూమి మీద హక్కేమీ రాదు. మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. సెక్షన్ 59 ఇంకా ముఖ్యం. భూమి అమ్మేస్తే, పాత ఓనర్ ఇచ్చిన లైసెన్స్‌కు కొత్త ఓనర్ కట్టుబడక్కర్లేదు. పదేళ్లుగా ఎక్కుతున్నాం అన్నా వినరు, కాంపౌండ్ వాల్ లేస్తుంది.

లీజు అయితే బలం ఎక్కువ. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాల్సిందే. అలా రిజిస్టర్ అయిన లీజు, భూమి చేతులు మారినా గడువు వరకు నిలుస్తుంది. కాకపోతే టెంట్లు, టికెట్ కౌంటర్ అంటూ వ్యాపారంలా మారితే నాలా కన్వర్షన్ ప్రశ్న వస్తుంది. దాన్ని తహసీల్దార్ ఆఫీసులో ముందే తేల్చుకోవాలి.

ఇంకోటి. పట్టా పెద్దన్న పేరు మీద ఉన్నా, గుట్టలో తమ్ముళ్లకూ వాటా ఉండొచ్చు. ఒకరు సరే అని, ఇంకొకరు కర్ర పట్టుకుని వచ్చే పరిస్థితి రాకూడదంటే అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాలి. గ్రామ పంచాయతీకి ఒక కాగితం ఇచ్చి ఉంచడం ఇంకా మేలు.

పడితే కేసు ఎవరి మీద?

రైతు మొదట అడిగే ప్రశ్న ఇదే. అది న్యాయమైన ప్రశ్న కూడా. ఎవరైనా జారిపడి చనిపోతే పోలీసులు విచారణ చేస్తారు. నిర్లక్ష్యం ఉందనిపిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద కేసు పెట్టొచ్చు. 'మా ప్రాణాలకు మాదే బాధ్యత' అని సంతకం చేసిన కాగితం సివిల్ గొడవలో కొంత పనికొస్తుందేమో గానీ, పోలీసు విచారణను ఆపదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దీనికోసం చట్టాలున్నాయి. డబ్బులు తీసుకోకుండా జనాన్ని తన భూమిలోకి రానిస్తే, ప్రమాదాల విషయంలో యజమాని మీద బాధ్యత బాగా తగ్గుతుంది. అక్కడ 1991లో ఏర్పడిన యాక్సెస్ ఫండ్ అనే సంస్థ భూ యజమానులతో ఒప్పందాలు చేసుకుంటుంది, అవసరమైతే క్లైంబర్లు భూమి కొనుక్కునేందుకు అప్పు కూడా ఇస్తుంది. బ్రిటన్‌లో బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ ఇదే పని చేస్తోంది. మన దగ్గర గుట్ట ఉన్న రైతుకు అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. కాబట్టి ఇన్సూరెన్స్, ట్రైనర్ అర్హత, ఫస్ట్ ఎయిడ్, దగ్గరి ఆస్పత్రికి దారి.. ఈ భారమంతా వచ్చేవాళ్లే మోయాలి. రైతు మీద వేయకూడదు.

పర్మిషన్ పోయేది చిన్న విషయాలకే

కోర్టుల దాకా వెళ్లేవి తక్కువ. ఎక్కువసార్లు బండి బాటకు అడ్డంగా పెట్టిన కారు, తొక్కిన పత్తి చేను, తీసి వేయని గేటు, మందు సీసాలు.. ఇవే చాలు. ఎండలు తగ్గాక క్లైంబింగ్ సీజన్ మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పత్తి ఏరుతుంటారు. పది మంది కూలీలతో పనిలో ఉన్న రైతు దగ్గరికి ముందు ఫోన్ కూడా చేయకుండా రెండు వ్యాన్లలో దిగితే ఏ మనిషికైనా చిర్రెత్తుతుంది.

డ్రిల్లింగ్ మెషిన్ విషయంలో మరీ జాగ్రత్త. బౌల్డరింగ్‌కు కింద పరిచే ప్యాడ్ చాలు, రాయికి చిల్లు అవసరం లేదు. పెద్ద బండకు మాత్రం తాడు కట్టేందుకు స్టీల్ బోల్టులు దిగ్గొట్టాల్సి రావచ్చు. కొత్త ముఖాలు, తాళ్లు, డ్రిల్లు కనిపిస్తే ఊళ్లో రెండే అనుమానాలు.. అయితే క్వారీ వాళ్లు, లేదంటే గుప్తనిధుల ముఠా. అందుకే చిల్లు పెట్టేముందు రైతునే కాదు, ఊరి పెద్దల్నీ పిలిచి చూపించాలి.

చాలా గుట్టల మీద ఓ దేవుడుంటాడు. ఎక్కడో లింగమయ్య, ఎక్కడో నరసింహస్వామి, మైసమ్మ, దర్గా. గుడి పక్కన చెప్పులతో తిరగడం, సున్నం వేసిన రాయి మీద చాక్ పౌడర్ పూయడం లాంటివి ఒక్కసారి జరిగినా చాలు, మళ్లీ రానివ్వరు. జాతర రోజుల్లో అటు వెళ్లకపోవడమే మంచిది. పెద్ద తేనెపట్టు ఉన్న వైపు కూడా వద్దు. తేనెటీగలు రేగితే తాడు మీద ఉన్నవాళ్లకు పారిపోయే దారుండదు, కింద చేనులో కూలీల్నీ కుడతాయి.

డబ్బు విషయానికొస్తే, చేతిలో పెట్టే నోటు కన్నా ఊళ్లో పని దొరకడం ఎక్కువ నిలుస్తుంది. అన్నం ఆ ఊరి ఇంట్లోనే వండించుకోవడం, పార్కింగ్‌కు రైతు ఇంటి వాకిలికే అద్దె కట్టడం, ఊరి పిల్లలకు తాడు పట్టడం నేర్పించి వాళ్లనే గైడ్లుగా పెట్టుకోవడం.. ఇలాంటివి ఉంటే క్వారీ కోసం బేరం వచ్చినప్పుడు ఊళ్లో నలుగురైనా ఆలోచిస్తారు.

బోల్టులు కొట్టినవాళ్లు వాటిని ఏటా చెక్ చేయాలి కూడా. వానాకాలం తర్వాత తుప్పు పట్టిందా, రాయి పగిలిందా చూసి, పాడైనవి తీసేసి చిల్లు పూడ్చాలి. ఆ పని ఎవరిదో, ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే పేరుతో సహా రాసి ఉండాలి. క్లబ్ మూతపడితే బోల్టులు ఎవరు తీస్తారన్నది కూడా అందులోనే ఉండాలి. లేదంటే తుప్పు పట్టిన ఆ బోల్టును నమ్మి తాడు కట్టేది ఆ విషయం ఏమాత్రం తెలియని ఎవరో కొత్త కుర్రాడు.