ఇన్‌హేలర్ వాడుతున్నా ఆయాసం తగ్గట్లేదా? తప్పు మందుది కాకపోవచ్చు.. ఒకసారి ఇలా చెక్ చేసుకోండి!

ఏళ్ల తరబడి ఇన్‌హేలర్ వాడుతున్నారు. అయినా మెట్లెక్కితే ఆయాసం, అర్ధరాత్రి దగ్గు. మందు పనిచేయట్లేదని డాక్టర్‌ని మార్చేవాళ్లు కొందరైతే, సొంతంగా డోసు పెంచుకునేవాళ్లు ఇంకొందరు. కానీ చాలామందిలో అసలు సమస్య మందులో లేదు.. దాన్ని పీల్చే పద్ధతిలోనే ఉంది.

ఇది ఏదో ఒకరిద్దరి పొరపాటు కాదు. 1975 నుంచి 2014 వరకు జరిగిన అధ్యయనాలన్నింటినీ పరిశీలించిన ఓ సమీక్ష 2016లో ‘చెస్ట్’ వైద్య పత్రికలో వచ్చింది. 54 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలు చూస్తే, ఇన్‌హేలర్‌ను సరిగ్గా వాడుతున్నవాళ్లు 31 శాతమే! 40 ఏళ్లలో పరిస్థితి పెద్దగా మారలేదని కూడా ఆ సమీక్ష తేల్చింది.

డాక్టర్లు ఎలా చెక్ చేస్తారు?

"ఇన్‌హేలర్ వాడటం వచ్చా?" అని అడిగితే దాదాపు అందరూ "వచ్చు డాక్టర్ గారూ" అనే చెబుతారు. అందుకే అడిగి ఊరుకుంటే లాభం లేదు.. "మీ ఇన్‌హేలర్‌తో ఒకసారి చేసి చూపించండి" అనాలి. పేషెంట్ చేస్తుంటే ఒక్కో స్టెప్‌ను చెక్‌లిస్ట్‌తో సరిచూస్తారు. తప్పు ఉంటే డాక్టర్ స్వయంగా చేసి చూపించి, మళ్లీ పేషెంట్‌తో చేయిస్తారు. ఒక్కసారి నేర్పితే సరిపోదు. 4 నుంచి 6 వారాల్లోనే పాత తప్పులు తిరిగి వచ్చేస్తాయి. అందుకే ఆస్తమాపై అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే ‘గినా’ సంస్థ వీలైనప్పుడల్లా పద్ధతిని పరిశీలించాలని చెబుతోంది.

స్ప్రే ఇన్‌హేలర్ అయితే..

* మూత తీసి బాగా ఊపాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి.
* పెదాలతో గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి.
* లోతుగా పీల్చాక 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి.
* రెండో పఫ్‌కి ముందు అర నిమిషం నుంచి నిమిషం ఆగాలి.

నొక్కడం, పీల్చడం రెండూ కలవకపోతే మందు నాలుక మీద, గొంతులోనే ఆగిపోతుంది. పై సమీక్షలో దాదాపు 45 శాతం మంది చేసిన తప్పు ఇదే. పిల్లలకు, పెద్దవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. స్పేసర్ పెట్టుకుంటే చాలావరకు తీరిపోతుంది.

పొడి ఇన్‌హేలర్ అయితే రివర్స్!

రోటాహేలర్ లాంటివాటిలో గ్యాస్ ఉండదు. మన శ్వాస బలమే పొడిని లోపలికి లాగాలి. కాబట్టి ఇక్కడ వేగంగా, గట్టిగా పీల్చాలి. పరికరంలోకి ఊపిరి వదిలితే పొడి తడిసిపోతుంది. పీల్చాక క్యాప్సూల్‌లో పొడి మిగిలిందేమో చూసి, ఉంటే ఇంకోసారి పీల్చాలి. ఆ క్యాప్సూల్‌ను పొరపాటున కూడా మింగకూడదు.

రెండు రకాలూ వాడేవాళ్లు ఒకదాని పద్ధతిని ఇంకోదానికి వాడేస్తుంటారు. జాగ్రత్త! ఇక స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ ఏదైనా సరే, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేదంటే నోట్లో తెల్లటి ఫంగస్ పూత వచ్చే ఛాన్స్ ఉంది.

ఇంట్లోనే చిన్న టెస్ట్

ఈసారి ఇన్‌హేలర్ తీసుకునేటప్పుడు ఇంట్లోవాళ్లతో ఫోన్‌లో వీడియో తీయించండి. పైన చెప్పిన స్టెప్స్‌తో పోల్చి చూడండి. స్ప్రే కొట్టగానే నోట్లోంచి పొగలా బయటికొస్తోందా? అయితే ఆ మందు ఊపిరితిత్తులకు చేరనట్టే. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రిస్క్రిప్షన్‌తో పాటు ఇన్‌హేలర్ కూడా పట్టుకెళ్లండి. "నేను చేసేది కరెక్టేనా?" అని మీరే అడగండి.

గమనిక: ఇది అవగాహన కోసమే. డాక్టర్ చెప్పకుండా డోసు మార్చొద్దు, ఆపొద్దు. ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.