తిమింగల సొరకు పద్దు ఏది?

రాజధానిలో చట్టం తేవడం సులువు. దాని వెనుక పద్దు తేవడం కష్టం. మూడు దశాబ్దాలుగా పార్లమెంటు విలేకరుల గ్యాలరీ నుంచి చూస్తున్న నాకు ఈ మాటకు తిమింగల సొరను మించిన ఉదాహరణ కనిపించదు.

పేరులో తిమింగలమున్నా ఇది చేపే. లోకంలోని చేపలన్నింటిలోకీ పెద్దది. ప్లవకాలనూ చిరుచేపలనూ వడగట్టుకు తిని బతికే సాధుజీవి. గుజరాత్‌లోని వెరావల్ పరిసర తీరాల్లో కాలేయపు నూనె పడవలకు పూయడానికీ, మాంసం ఎగుమతికీ దీనిని వందల సంఖ్యలో వేటాడేవారు. మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' చిత్రం 2000లో ఆ ఘోరాన్ని దేశం ముందుంచింది. 2001 మేలో కేంద్రం దీనిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణ ఒక చేపకు లభించడం అదే ప్రథమం. అయితే బుల్లి మాల్దీవులు 1995లోనే ఈ వేటను నిషేధించిన సంగతి గమనార్హం.

2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ప్రచారం ప్రారంభించింది. గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ సంస్థ తోడు నిలిచాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురిని చంపుకుంటామా అని మొరారీ బాపు అడిగిన ప్రశ్న జాలర్ల గుండెను తాకింది. జీవనాధారమైన వలలను తామే కోసి తొమ్మిది వందలకు పైగా సొరలను వారు సముద్రంలోకి వదిలారు. తెగిన వలకు రాష్ట్ర ప్రభుత్వం పరిహారమిస్తోంది.

ఆడపడుచు వచ్చింది సరే, పురుడు ఎక్కడ? 1995లో తైవాన్ వద్ద పట్టుబడిన ఒక తల్లి సొర గర్భంలో దాదాపు 300 పిల్లలున్నాయి. కానీ అవి ఏ సముద్రంలో కంటాయో శాస్త్రలోకానికి నేటికీ అంతుపట్టలేదు. గుజరాత్‌లో 2011లో ఉపగ్రహ ట్యాగులు అమర్చడం మొదలైంది. సొర నీటి పైకి వచ్చినప్పుడే ట్యాగు సంకేతం పంపుతుంది. కొన్ని నెలలకు ఊడిపోతుంది. సమాధానం దొరకాలంటే ఏళ్ల తరబడి ట్యాగులు, పడవలు, జన్యు పరీక్షలు, పరిశోధకుల జీతాలు కావాలి.

ఆ డబ్బు ఎవరివ్వాలి? వన్యప్రాణులు పర్యావరణ శాఖవి. చేపల వేట మత్స్యశాఖది. కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వ్యవసాయ పరిశోధన మండలి కిందిది. సముద్ర విజ్ఞానం భూవిజ్ఞాన శాఖది. నలుగురి బిడ్డ అయితే అన్నం పెట్టేదెవరు? అంతరిస్తున్న జీవుల పునరుద్ధరణకు కేంద్రం నిధులిచ్చే జాబితాలో మన కడప కలివికోడి ఉంది. 2018లో మరో నాలుగు జీవులను చేర్చినప్పుడు అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్ తిమింగలానికి చోటు దక్కింది. తిమింగల సొరకు దక్కలేదు. లోక్‌సభలో చర్చకు నోచుకునే శాఖలు ఏటా కొన్నే. మిగిలిన పద్దులు గిలటిన్‌లో గంటల్లో గట్టెక్కుతాయి. అందులో చేపను గురించి అడిగేదెవరు?

మన ఎం.పీ.లు అడగవచ్చు. 2021 డిసెంబరులో విశాఖ సమీపాన తంతడి తీరానికి కొట్టుకువచ్చిన తిమింగల సొరను మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి తిరిగి కడలికి చేర్చారు. తూర్పు తీరానికీ దీనితో బంధుత్వముందన్నమాట. జాలరి తన వల కోసి తన వాటా చెల్లించాడు. ఢిల్లీ వాటా ఎంతో, ఏ పద్దు కింద ఇస్తారో సభలో చెప్పవలసినది ప్రభుత్వమే.